జోము

రాత్రి రెండు గొట్టంగ మెలకువొచ్చింది.
పక్కల ఎవరిదో చెయ్యి.
ఎడమచేత్తో తడిమి చూస్తె
గాజులు నావి.

లేసి కూసున్న.
తడిబట్ట దులిపినట్టు దులిపిన.
ముందుగాల ఏం లేదు.
జెరసేపటికి ఎర్రచీమల బారు ఒకటి
మణికట్టు కాన్నుంచి బయలెల్లింది,
బొటనవేలికి, చూపుడువేలికి, నడిమివేలికి,
ఉంగరంవేలి సగానికి.
సగానికే.
చిటికెనవేలు మాత్రం
పక్కింట్ల కొట్లాటైతె తలుపేసుకున్నదాని లెక్క
ఏం ఎరగనట్టు పండుకున్నది.

అత్త "రగతం ఆడ్తలేదు" అన్నది, రాగి కడెం తొడిగింది.
గట్టుప్పల ఆరెంపీ నరాల బలానికని
ఎర్ర సూది పొడిచిండు, మూడు వారాలు.
పొడిచినకాడ నొచ్చింది.
నొప్పి తెలిసినందుకు సంబురమైంది.

ఇర్వై రెండేండ్ల సంది ఆసు పోస్తున్న.
చీల నుంచి చీలకు, చీల నుంచి చీలకు,
ఒక్క చీరెకు ఎన్ని వేల సార్లో
సొసైటీల ఎవరో లెక్కగట్టిండ్రట.
నేను లెక్కబెట్టలే.
కరెంటు పోయి చీకట్లున్నా
పోగు తెగితె వేలికొసకు ముందు తెలిసేది,
కంటికి తర్వాత.
మొన్న పెనం అంచు ముట్టిన.
వాసనొచ్చినంక చూసుకున్న.

నల్లగొండ పెద్దాసుపత్రి. చీటి నూట పద్నాలుగు.
డాక్టరమ్మ నా చిన్నబిడ్డ ఈడుది.
"కండ్లు మూసుకో అమ్మా, తగిలితె చెప్పు."
మూసుకున్న. చూసిన, చూసిన.
ఇంక మొదలువెడ్తలేదేందని కండ్లు తెరిస్తె
దూది నా చూపుడువేలి మీదనే ఉన్నది.

సిగ్గయింది.
దొంగతనం జేసి దొరికినంత సిగ్గయింది.

మణికట్టు మీద రెండు వేళ్ళతోటి కొట్టింది.
నడిమివేలి దాక జివ్వున కరెంటు.
"ఇక్కడ ఇరుకు సందు ఉంటుందమ్మా.
తాళ్ళలాంటివి తొమ్మిది, నరం ఒకటి,
అన్నీ అందులోంచే పోవాలె.
తాళ్ళు వాస్తే నరం నలుగుతుంది."
ఇంకేందో చెప్పవోయింది.
నాకప్పటికే సమజైంది.

చిటికి కడ్తం గద, గట్టిగ,
కట్టు కిందికి రంగు దిగది.
కాగుల ఎంత మరిగినా దిగది.
విప్పి చూస్తె అంతమేరకు తెల్లగనే ఉంటది.
ఎవరు గట్టిండ్రో, ఎన్నడు గట్టిండ్రో,
నా మూడున్నర వేళ్ళు తెల్లగున్నయి.

"రంగు మల్ల ఎక్కుతదా?" అనడిగిన.
ఆమెకు తెల్వలే, నేనేం అడిగిన్నో.
"చీమలు పారుతున్నంతసేపు
నరం మొత్తుకుంటున్నట్టు.
మొత్తుకోవడం ఆగిందనుకో, వెంటనే రా" అన్నది.
రాత్రి కట్టుకోను పట్టీ రాసింది.
చేతికి రికామియ్యమన్నది.
రికాం ఏ దుకాణంల దొర్కుతదో
చీటిల లేదు.

ఇంటికొచ్చేసరికి దీపాలు వెట్టే యాల్లయింది.
మార్కండయ్య మగ్గం గుంటలకెల్లి
కాళ్ళు తీసి గడప మీద చాపిండు.
మూడేండ్ల సంది షుగర్.
తొవ్వల చెప్పు జారిపోయినా
ఇల్లు చేరేదాక ఎరుకుండదు ఈ మనిషికి.
వాడకట్టంత చెప్పుకొని నవ్వేటిదాన్ని.

"కండ్లు మూసుకో. తగిలితె చెప్పు."
"ఇదేం ఆటనే?"
"మూసుకో."
పట్టుపోగు ఒకటి తెంపిన.
వంగిన.
ఈ వేలా, ఆ వేలా అని ఆగిన.

"ఆఁ, తగిలింది" అన్నడు.

పోగు ఇంక నా చేతులనే ఉన్నది,
ఎడమచేతుల.

"ఆఁ, గీడ గూడ."

ఏం అనలే.
మడిమెల కాడ పగులుకు వేలానిచ్చి
చానసేపు కూసున్న,
నా వేలికి ఆయన తెలుస్తలేడు,
ఆయన కాలికి నేను తెలుస్తలే.

పొద్దుగాల ఆరింటి బస్సుకు ఇద్దరం పోతం.
ఆసు మీద సగం పోసిన చీరె ఉన్నది.
ఉండనియ్యి.