గొట్టంలో గాలి

ఓడ వచ్చి మూడు రోజులైంది.
మంచు కరిగితే తప్ప రాని ఓడ.
పిండి బస్తాలు, డైపర్ల పెట్టెలు, ఎవరిదో సోఫా,
వాటన్నిటి కింద నలిగిన అట్టపెట్టెలో
మా బండికి బ్రేకు షూలు.

బాఫిన్ దీవిలో మా ఊళ్లో
నాలుగు చక్రాల బండి ఏ కంపెనీదైనా
హోండాయే.
మాది ఎర్రది. అంటే, ఒకప్పుడు.

అమ్మా, ఇపీలీ మామయ్యా
జూన్ నుంచి ఎడమొహం పెడమొహం.
ఒకే వల, ఒకే పడవ,
చేపలు ఆరేసే గడ కూడా ఒకటే.
అమ్మ ఈ కొసన, ఆయన ఆ కొసన.

"ఓడ వచ్చేదాకా ఆగుతుందిలే"
అన్నాడు మామయ్య అప్పట్లో,
వెనక బ్రేకు తీగ చివర రెక్కల నట్టుని
ఆఖరి మర దాకా తిప్పేసి.
డ్రమ్ము పక్కన చిన్న బాణం
అరుగుదల గీతని అప్పటికే ముట్టుకుంది.
గీత దాటిందంది అమ్మ.
ఆయన గీతని చూడలేదు,
ఆకాశం చూశాడు.

చెరువు దగ్గర్నుంచి దిగే దారిలో
బండితో పాటు దొర్లాను.
భుజం దగ్గర ఎముక విరిగింది.
విమానంలో ఇకాలుయిట్ తీసుకెళ్లారు.
ఆ క్షణాన లివర్ మీంచి చెయ్యి తీసి
ఎగిరిపోతున్న టోపీని పట్టుకున్నానని
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ అమ్మ ఒక్కతే మొదలెట్టింది.
ఇరుసు కింద చెక్కదిమ్మ.
డ్రమ్ము ఊడదీస్తే
సముద్రపు ఇసుక, తుప్పు, బురద ముద్ద,
ఎలా దూరిందో ఒక క్యారిబూ వెంట్రుక.
పాత షూ మీద పొర గోరంత మందం కూడా లేదు.
అమ్మ ఏమీ అనలేదు.
దాన్ని తీసుకెళ్లి
మామయ్య గుమ్మంలోంచి కనబడేలా
రాయి మీద పెట్టింది.

కొత్తవి ఎక్కించేటప్పుడు
స్ప్రింగు ఎగిరి నా చెవి పక్కనుంచి పోయింది.
నట్టు ఒక్కో చుట్టూ బిగించడం,
చక్రాన్ని చేత్తో తిప్పి చెవి ఒగ్గి వినడం,
రాసుకుంటే అర చుట్టు వెనక్కి.
లివర్ చివర వేలెడు ఖాళీ ఆడాలి.
"మరీ బిగించినా చెడుపే" అంది,
నాతోనో, నట్టుతోనో.

ముందు బ్రేకులు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.
పైన ఒకరు లివర్ నొక్కాలి,
కింద ఒకరు స్క్రూ విప్పాలి.
నా చేతికింకా పట్టు రాలేదు.
అమ్మ చాలాసేపు
శుభ్రంగా ఉన్న రెంచినే తుడిచింది.

మామయ్య ఎప్పుడొచ్చాడో తెలీదు.
రబ్బరు బూట్లు గులకరాళ్ల మీద కరకరలాడి
లివర్ దగ్గర ఆగాయి.

"నొక్కు."
"పట్టుకున్నా."
సన్న గొట్టంలో టీ రంగు ద్రవం,
అందులో చేపగుడ్డంత బుడగలు.
స్క్రూ బిగించి, "వదులు."

"నొక్కు."
"పట్టుకున్నా."
"వదులు."

పది వారాల తర్వాత
వాళ్లు మాట్లాడుకున్నది ఇంతే.
మట్టం తగ్గినప్పుడల్లా సీసాలోంచి పోయడం నా పని.
ఒక చుక్క ఎర్ర రంగు మీద పడితే
మామయ్య ఉలిక్కిపడి చొక్కా చేత్తో తుడిచేశాడు.
"లోపల గాలుంటే" అన్నాడు నాతో,
అమ్మకి వినబడేలా,
"చెయ్యి నొక్కుతూనే ఉంటుంది.
చక్రానికి తెలియదు."

బుడగలు సూదిమొనంతయ్యాయి.
తర్వాత లేవు.
లివర్ రాయిలా నిలబడింది.

"టీ ఉందా?"
అది వాళ్ల మధ్య నాలుగో మాట.
"ఉంటుంది" అంది అమ్మ మోకాళ్లు దులుపుకుంటూ.
పొయ్యి మీద ఏమీ లేదు.

లోపలికి పోతూ మామయ్య వెనక్కి తిరిగి
"నౌయా, నువ్వోసారి నొక్కి చూడు" అన్నాడు.

నొక్కాను. దిగలేదు.
బండిలో గాలి లేదు.
ఉన్నది నా గొంతులో,
చేపగుడ్డంత,
పైకి వస్తూ.