రామ్ములక్కాయ

హల్ నగరపు ఆసుపత్రి, మూడో అంతస్తు, ఉదయం తొమ్మిదిన్నర.
హైమావతి తల తెరిచి ఉంది.
ఆమె మెలకువగానే ఉంది.
నీలిగుడ్డకు ఇవతల ఆమె మొహమూ, నేనూ, ఒక బొమ్మల కట్టా.
అవతల ఏముందో నేను చూడలేదు.
చూడొద్దని ఎవరూ అనలేదు,
నాకే చేతకాలేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆమె ఈ ఊళ్ళో సిటీ బస్సు తోలుతోంది.
ఇంగ్లీషులో దారి చెబుతుంది, తెలుగులో తిడుతుంది.
రెండూ మిగలాలి, అన్నాడు డాక్టరు విట్టేకర్.
అందుకని దుబాసీని పిలిపించారు.
కోర్టుల్లో, పోలీసు స్టేషన్లలో అరువిచ్చిన నోరు నాది,
ఇక్కడ మాత్రం నాలుక తడారిపోయింది.

బొమ్మ తిప్పాను. "గొడుగు."
తిప్పాను. "తాళంకప్ప."
తిప్పాను. ఎర్రగా, నున్నగా, పచ్చటి ముచికతో టమాటా.
"రామ్ములక్కాయ."

గుడ్డ అవతల చెయ్యి ఆగింది.
నా కాగితం మీద ఆ మాట లేదు.
మాట తప్పిందా, అని అడిగాడు.
లేదండీ, అది వాళ్ళ పలాస వైపు మాట,
తప్పు నా కాగితానిది, అన్నాను.
హైమావతి కళ్ళతోనే నవ్వింది:
"మీ గుంటూరోలకి మిరగ్గాయ తప్ప ఏటి తెల్సు!"

తల తెరిస్తే మెదడు కొద్దిగా కుంగుతుందట.
గోరంత.
ఆ గోరంతకే మొన్నటి స్కాను పాతబడిపోతుంది,
హంబర్ నది అడుగున ఇసుకతిన్నెలు జరిగి
ఓడలవాళ్ళ పటాలు పాతబడినట్టు.
అందుకే మధ్యలో ఆగి మళ్ళీ చూస్తారు.
వేలెడంత కడ్డీని మెదడు మీద ఆన్చి
శబ్దంతో తడిమే యంత్రం.
తెరనిండా బూడిదరంగు ముసురు,
ముసురులో తెల్లగా ఒక మరక.
"కంటికైతే అయిపోయినట్టే ఉంది," అన్నాడు విట్టేకర్,
"ఇంకా ఉంది."
చెరగడం అయిపోయిందని చాట దించాక
ఊరికే వేళ్ళు పెట్టి కలియబెడితే
తగిలే మట్టిబెడ్డలాగా.

యంత్రం పక్కన చిన్న ఇత్తడి రేకు:
మోరిన్ ఓల్డ్‌రాయ్డ్ గుర్తుగా, ఆమె స్నేహితులు.
స్నేహితులంటే ఎవరని నర్సును అడిగాను.
నిమ్మకాయ కేకులు అమ్మిన అల్లికల క్లబ్బు,
భర్త దాచుకున్న బొమ్మరైళ్ళన్నీ వేలం వేసిన ఒకావిడ,
వంతెన మీద తొమ్మిదిసార్లు అటూ ఇటూ నడిచిన
చేపల ఓడ వంటవాడు.
బకెట్టు పట్టుకుని నిలబడేది కూడా అతనే, అంది.

ఆ బకెట్టు నాకు తెలుసు.
సూపర్ మార్కెట్టు ముందు, మీగడరంగు టెలిఫోను గది పక్కన.
ఫోను చెవికి ఆన్చుకుని, మాట్లాడుతున్నట్టు నటిస్తూ
దాన్ని దాటుకుపోయేదాన్ని.
ఒకసారి కాదు.
ఆ ఫోనులో అవతల ఎవరూ ఉండేవారు కాదు.

మరక దగ్గరికి వెళ్ళారు.
తిప్పాను. "దువ్వెన."
తిప్పాను. "నిచ్చెన."
తిప్పాను. పిచ్చుక.
పెదవులు కదిలాయి.
మాట లేదు.
ఆమె కళ్ళు ఆ బొమ్మని పట్టుకుని వేలాడాయి.
"ఆపండి!" అన్నాను.
తెలుగులో అన్నాను.
విట్టేకర్‌కి తెలుగు రాదు.
ఆపాడు.

గోడ గడియారం ఎంత తిరిగిందో నాకు తెలియదు.
"పిచ్చిక," అంది హైమావతి,
ఎవరో దాచేస్తే వెతికి తెచ్చినట్టు.

తియ్యగలిగినంత తీశారు.
పిచ్చుక వాలిన చోటు వదిలేశారు.
ఎంత వదిలారో తెర మీద కొలిచి రాసుకున్నారు.
దానికి వేరే మందు, వేరే రోజు.
అంతా పోయిందని ఎవరూ అనలేదు.

బకెట్టులో ఎంత వేశానో చెప్పను.
వంటవాడు నా కోటుకి పసుపు స్టిక్కరు అంటించాడు,
సిగ్గు మీద అంటించినట్టే అనిపించింది.

మార్చిలో బస్సెక్కితే ముందు సీట్లో ఆమె,
కుట్లు కనబడకుండా ఊలు టోపీ.
తోలడానికి ఇంకా అనుమతి రాలేదట.
మలుపు దగ్గర గేరు ఆలస్యంగా మార్చిన కుర్రాణ్ణి
వెనకనుంచి తిడుతోంది,
తెలుగులో, ధారగా,
ఒక్క మాటకీ వెతుక్కోకుండా.