కొసముడి

సఖినేటిపల్లి రేవుకి పంటు ఆఖరి ట్రిప్పు కొట్టాక
నర్సాపురంలో కరెంటు కాస్త నిలకడగా ఉంటుంది.
అప్పుడు మొదలెడతాను.

తెర మీద ఒక ప్రోటీను.
పాటుకి నీళ్లు తీసిన పాయలా గుంటలు, మలుపులు,
ఎక్కడో ఒక్కచోట పడవ పట్టేంత లోతు.
పదకొండు అమైనో ఆమ్లాలు గుచ్చి
ఆ గొలుసుని అక్కడికి నెడతాను.
ఆనదు.
నాలుగో గింజ మార్చి, ఏడో గింజ తిప్పి
మళ్లీ.
నలభై వేలసార్లు నెడుతుంది కంప్యూటరు,
విసుగెరగని సరంగు.

కింద వాటాలో ధనకుమారత్తకి నిద్ర పట్టదు.
ఇరవయ్యొక్క రోజులకోసారి రాజమండ్రి బస్సెక్కుతుంది.
సెలైను ఎక్కించిన వారమంతా
వేలికొసలు మొద్దుబారి
లేసు సూది ఉందో జారిందో
కళ్లతో చూసుకుంటే గానీ తెలీదట.
"రోగాన్ని వెతుక్కుంటా వచ్చిన మందు
నా వేళ్ల మీద పడిందే అమ్మాయ్,
దానికి అడ్రసు సరిగ్గా చెప్పినోడు లేడు."
నా పనంతా ఆ అడ్రసు రాయడమే అత్తా
అనబోయి, టీ తాగేశాను.

నిన్న రాత్రి మజ్జిగ గ్లాసుతో పైకొచ్చి
తెర ముందు నిలబడిపోయింది.
గొలుసు మెలికలు తిరుగుతోంది, రెండు కొసలూ అల్లాడుతూ.
"నీళ్లలో ఉందా ఇది?"
"లెక్కల్లో నీళ్లత్తా."
"ఏ నీళ్లైతేనేం, కొసలు వదిలేశావేం?
ఒక్క ఉతుక్కి మొత్తం ఊడొచ్చేస్తది.
రెండూ కలిపి ముడెయ్యి."

రక్తంలో ఎంజైములు కొసల నుంచే కొరుకుతాయని
నేనూ చదివాను. పరీక్షలో రాశాను.
మార్కులు కూడా వచ్చాయి.

ముడేశాను.
మూడింటికి కరెంటు పోయింది.
రొయ్యల చెరువుల ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆగి
ఊరికి చెవులు మూసుకుపోయినట్టైంది.
ఇన్వర్టరు మీద వేలేసి కూర్చున్నాను, అదేదో నాడి అయినట్టు.

ఐదున్నరకి అంకె పడింది: మైనస్ తొమ్మిది పాయింట్ ఆరు.
గుంటలో చుట్ట చుట్టుకుని కూర్చుంది,
అలకి ఊగింది, ఊడలేదు.

అంకె మందు కాదు.
దీన్నెవరో నిజంగా తయారు చెయ్యాలి,
గాజు పళ్లెంలో కణాల మీద పొయ్యాలి.
అక్కడ ముందుగా చచ్చేవి నాలాంటి వాళ్ల ఊహలు.
తర్వాత ఎలుకలు. తర్వాత ఏళ్లు.
అత్త బస్సు గురువారం.

ఫైలుకి పేరడిగింది కంప్యూటరు.
ఏం కొట్టాలో తోచక కిందికి చూశాను.
మెట్ల మీద లైటు కింద ధనకుమారత్త
వేలికి తెలీక తప్పిపోయిన వరస
విప్పుతోంది,
దారం తెగకుండా.