మధ్యలో రోడ్డు

ఆటో వెనక సీట్లో పుస్తకం తెరిచి
ఇందుమతి అడిగింది:
"నాన్నా, ముగ్గురిలో ఎవరు పెద్ద?
చట్టం చేసేవాళ్లా, నడిపించేవాళ్లా, తీర్పు చెప్పేవాళ్లా?
రెండు మార్కుల ప్రశ్న."

కె.ఆర్. సర్కిల్లో ఎర్రలైటు పడింది.
రెండు మార్కులకి నాకు నూటఇరవై సెకన్లు దొరికాయి.

మన బిల్డింగులో నీళ్ల కత గుర్తుందా?
పోయిన ఎండాకాలం బోరు ఎండిపోయి
దినం విడిచి దినం ట్యాంకరు వచ్చేది.
రూలు రాసింది నంజుండప్పగారు: ఇంటికి ఆరు బిందెలు.
వాల్వు తాళంచెవి ఆయన జేబులోనే.
ఫిర్యాదుంటే చెప్పుకోవలసిందీ ఆయనకే.
మూడు వారాలకి
అందరి కుండీల్లో కరివేపాకు మాడిపోయింది.
ఆయన కారు మాత్రం
తలంటు పోసుకున్న పెళ్లికొడుకులా మెరిసేది.

"దొంగ!" అంది ఇందు.
కాదు తల్లీ, అదే తమాషా.
కరోనాలో గడప గడపకీ మందులు మోసిందీ ఆయనే.
మంచాయనే కదా అని మూడు పనులూ ఒక్క చేతికిచ్చి
తప్పు మనం చేశాం.
నీ కారు కడుక్కోవడం న్యాయమేనా అని
తననే అడిగితే ఎవరైనా ఏం చెప్తారు?

తర్వాత మిద్దె మీద మీటింగు.
అరుచుకుని, అలిగి, రెండుసార్లు టీ కాచుకుని
రూలు అందరం కలిసి రాశాం.
తాళంచెవి వాచ్‌మన్ మునెప్పకిచ్చాం.
వాల్వు తిప్పడం అతని పని,
ఎన్ని బిందెలో అతను తేల్చడు.
తగువొస్తే మూడో అంతస్తు ఫిలోమినా టీచరు.
ఆమె దగ్గర తాళంచెవి లేదు.
ఉన్నదల్లా చత్వారం కళ్లద్దాలు, రూళ్ల కాగితం.
మొదటి ఫిర్యాదు ఏడో బిందె మీద.

"ఎవరిది నాన్నా?"
నాదే. అమ్మకి చెప్పకు.
తీర్పు: మర్నాటి ట్యాంకరులో మనకి అయిదే.

పచ్చలైటు.
ఒక పక్క తెల్లని రాతి మేడ, విధానసౌధ.
ఎదురుగా చెట్ల వెనక ఎర్రగా హైకోర్టు.
చట్టాలు రాసేది ఇక్కడమ్మా,
తగువు తేల్చేది అక్కడ.

"మరి నడిపించే మంత్రులు?"
"వాళ్లూ ఈ రాతి మేడలోనే."
"ఒకే ఇంట్లోనా?
అంటే మునెప్ప కూడా మీటింగులో కూర్చున్నట్టేగా!"

దొరికిపోయాను.
హారన్ కొట్టి కాస్త టైము తీసుకున్నాను.

అవునమ్మా, మన దగ్గర మంత్రులు ఆ సభలోంచే వస్తారు.
అందుకే సభలో ఎవరైనా లేచి
"నీళ్లెటు పోయాయి?" అని నిలదీయొచ్చు.
సభ మీ మీద నమ్మకం లేదంటే
తాళంచెవి బల్ల మీద పెట్టి దిగిపోవాల్సిందే.
ఇక ఆ ఎర్ర మేడకి
లాఠీ లేదు, ఖజానా లేదు, కాగితమే.
కానీ ఆ కాగితం మీద "ఇది చెల్లదు" అని పడితే
ఇంత రాతి మేడా ఆగి చదువుకోవాలి.

ఇందు అటు చూసింది, ఇటు చూసింది,
రెంటి మధ్య పోతున్న
బస్సుల్ని, బైకుల్ని, మా ఆటోని చూసింది.

"ఎవరూ పెద్ద కాదు, మధ్యలో రోడ్డుంది అని రాస్తా."

"అలా రాస్తే మార్కులేస్తారా?"

"మార్కులేసేది మిస్సు.
రాసేది నేను.
నువ్వు ముందు చూసి ఆటో నడుపు."