పసుపు పొర

శుక్రవారం గడపకి పసుపు రాస్తుంటే
వేలు లోపలికి దిగింది,
పెరుగులో దిగినంత మెత్తగా.

పన్నెండేళ్ళుగా వారం వారం రాసిన పసుపు,
దాని కింద ఆకుపచ్చ రంగు, అంతే మిగిలింది.
చెక్క లేదు.
ఉన్నదల్లా తడిమట్టి, అందులో
ఉడికీ ఉడకని నూకల్లా కదులుతున్న తెల్లటి పురుగులు.

"గడపే గుల్లయితే ఇంకేముందే" అంది మా అత్త తులశమ్మ.
తిట్టో, లెక్కో తెలీలేదు.

ముందు కిరసనాయిలు కొట్టాం.
తర్వాత కళ్ళుప్పు, ఆ తర్వాత ఇంగువ నీళ్ళు.
గుంటూరు యార్డులో కాటా వేసే అంకారావు, అంటే మా ఆయనే,
టిక్కీల అడుగున రాలిన మిరప నుసి
సంచీడు మోసుకొచ్చి గోడల వెంట పోశాడు.
వీధి వీధంతా తుమ్మింది.
నల్లపాడు రోడ్డు మీద పోయే ఆటోవాడు
బండి ఆపి మరీ తుమ్మి పోయాడు.
చెదలు తుమ్మలేదు.

అటక మీది చెక్కపెట్టె దించితే
అడుగున నా పదో తరగతి మార్కుల కాగితం.
లెక్కల్లో వచ్చిన ముప్పై ఆరుని తినేశాయి.
పాసైన సంగతి మాత్రం వదిలేశాయి.
పోన్లే, ఇంట్లో నా పరువు చూసిందెవరు, ఇవి తప్ప.

జిలానీ వచ్చాడు.
స్క్రూడ్రైవరు పిడితో తలుపు తలుపూ తట్టుకుంటూ తిరిగాడు,
పుచ్చకాయల బండి దగ్గర మనం తట్టినట్టు, చెవి ఆనించి.
వంటింటి తలుపు ఠంగుమంది.
పడగ్గది ద్వారబంధం దగ్గర డొక్కు డొక్కు.
అతను లేచి చేతులు దులుపుకున్నాడు.
"ఈ స్థలంలో చెట్టేమన్నా ఉండేదామ్మా?"

అంకారావు నా వైపు చూడలేదు.

తురాయి. ఎండలు ముదిరేకొద్దీ ఎర్రబడేది.
పునాది తీసిననాడు కొట్టించాం.
మొద్దు వేళ్ళతో పెళ్ళగించాలంటే రెండు వేలడిగారు.
అప్పట్లో రెండు వేలంటే ఆరు బస్తాల సిమెంటు.
పైన మట్టి పోసి దిమ్మిస కొట్టించాం,
సెంట్రింగు చెక్కల తుక్కు కూడా అందులోనే.
ఇన్నేళ్ళూ మేం పీటలేసుకుని అన్నం తిన్నది
ఆ చెట్టు మీద.
కింద వాటి భోజనం అయిపోయింది.
పైన మా గిన్నెల చప్పుడు విన్నాయేమో.

రేగడి నేల కదా, ఎండాకాలం
అరచెయ్యి పట్టేంత నోళ్ళు తెరుస్తుంది.
వేరే దారి వెయ్యక్కర్లేదు.

గోడ వెంబడి అడుక్కో బెజ్జం.
డ్రిల్లు మోతకి పటాలు వణికాయి.
బెజ్జం నిండా తెల్లటి మందు, అచ్చం పాలలా.
అదే మా అత్తకి గుచ్చుకుంది.
"చవితినాడు పుట్టలో పోసేదీ ఇంతే తెల్లగా ఉంటుంది.
ఆ పుట్ట కట్టిందెవరనుకున్నావు?"
జిలానీ తల వంచుకుని తర్వాతి బెజ్జం పొడిచాడు.
చదరపు అడుగుకి ఎనిమిది రూపాయలు అతనికి.
నూట నలభై రెండు బెజ్జాలు. అత్తే లెక్కపెట్టింది.
పుప్పిపళ్ళు పూడ్చినట్టు
తెల్ల సిమెంటుతో నేనే పూడ్చాను.

ఆ రాత్రి మందు వాసనకి డాబా మీదే పడక.
"ఆ రెండు వేలు ఇచ్చేయాల్సింది"
అన్నాడు అంకారావు, ఆకాశంతో.
నేను మాట్లాడలేదు.
వేలి కణుపుతో మంచం పట్టె తట్టి చూశాను.
అలవాటైపోయింది.
దూరంగా టిక్కీల లారీ పోయింది. ఎక్కడో ఒక తుమ్ము.

ఇప్పుడు మాది రాతి గడప.
పసుపు నిలవదు, జారిపోతుంది.

జూన్ మొదటి వానకి, కరెంటు పోయి వచ్చేసరికి
ట్యూబులైటు చుట్టూ ఉసిళ్ళు.
"లైటాపండి" అని అరిచాను.
చీకట్లో అత్త గొంతు:
"చిన్నప్పుడు పళ్ళెంలో నీళ్ళుపోసి దీపం పెట్టి పట్టేవాళ్ళం వీటిని.
బియ్యంతో కలిపి వేయించుకుంటే కమ్మగా,
వేరుశెనగ గుళ్ళలా."
కాసేపాగి,
"రెక్కలు రాల్చేసుకుంటున్నాయి పాపం.
ఇల్లు చూసుకోవాలిగా."

నేను పాత చీర ఒకటి తడిపి తెచ్చి
రాతి గడపకీ తలుపుకీ మధ్య సందులో
గట్టిగా కూరాను.