బోర్డు మీది ఊరు

నీలాచలం సెలూన్లో అందరం కళ్ళు మూసుకునేవాళ్ళం.
గెడ్డం కింద కత్తి నడుస్తుంటే
సుఖానికి మూశామని అతననుకునేవాడు.
ఊపిరి బిగబట్టామని
బెంచీ మీద పేపరు తిరగేసేవాళ్ళకి తెలుసు.

పదకొండేళ్ళు.
దండాసి మాస్టారు వచ్చినప్పుడల్లా
జేబులోంచి రెండు ఏలక్కాయలు తీసి
ఒకటి తన నోట్లో వేసుకుని, ఒకటి అతనికిచ్చేవారు.
మర్యాద అనుకున్నాడు.
సొసైటీ గుమస్తా మొహం పక్కకి తిప్పుకుంటే
మెడ పట్టేసిందేమోనని
డబ్బులడక్కుండా మాలిష్ చేశాడు.
నేనూ ఉన్నాను అందులో.
ఒకసారి చెప్పేద్దామనే వెళ్ళి
"మీసం కొంచెం తగ్గించు" అని వచ్చేశాను.

చెప్పినవాడికి ఐదేళ్ళు.
కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్క మీద కూచుని
మెడ చుట్టూ గుడ్డతో, చిన్న గుడారంలా ఉన్నాడు.
"మావా, నీ నోట్లో ఏటో సచ్చిపోనాది."
వాళ్ళ నాన్న వీపు మీద ఒక్కటిచ్చాడు.
ఎదురెదురు అద్దాల్లో
ఒకరి వెనక ఒకరు నిలబడ్డ ఇరవైమంది నీలాచలాలు
ఒక్కసారే నోరు మూసుకున్నారు.

తర్వాత మూణ్ణెల్లు
మొహానికి రుమాలు కట్టుకునే కత్తిరించాడు.
పొద్దున్న వేపపుల్ల, మధ్యాహ్నం బుగ్గన లవంగం,
రాత్రి పుదీనా.
పొట్టలోంచేనని ఎవరో అంటే
నల్లటి కషాయం మూడు సీసాలు తాగాడు.
లవంగం కింద అది అలాగే ఉండేది,
కొత్త సున్నం కింద పాత చెమ్మలా.

మళ్ళీ మాట్లాడిన రోజు నా తలే అతని చేతిలో ఉంది.

"సికాకులం పెద్దాసుపత్రికెళ్ళాను బాబూ.
ఆ కుర్చీ సూస్తే నవ్వొచ్చినాది.
అచ్చం మన కుర్చీనాగే ఎనక్కి వాలిపోతాది.
డాక్టరు గుంట, మా పెద్దపిల్ల ఈడు.
నా మీదకి వొంగినాది.
సిగ్గుకి నాను కళ్ళు మూసేసినాను.
అప్పుడు తెలిసినాది బాబూ,
మీరందరూ ఎందుకు మూసేవోరో."

కత్తెర ఒక్క క్షణం ఆగింది. నా చెవి వేడెక్కింది.

ఆ అమ్మాయి ముందు పళ్ళ గురించి అడగలేదట.
రోజుకి నీళ్ళెన్ని తాగుతారు అనిందట.
పొద్దున్నొక గ్లాసు, మళ్ళీ రాత్రి.
షాపుకి బాత్రూము లేదు,
స్టేషను దాకా వెళ్ళొస్తే
కుర్చీలో మనిషి పక్క షాపులో ఉంటాడు.
టీలు ఆరు. దవడలో జరదా.
ఎండిన నోట్లోనే కంపు కాపురం పెడుతుందట.
చిగుళ్ళ కింద ఇరవయ్యేళ్ళ గార
గచ్చు పెచ్చుల్లా ఊడి స్టీలు పళ్ళెంలో టకటకమందట.
నాలుక మొదట్లో తెల్లటి మడ్డి.
పుచ్చిన జ్ఞానదంతం ఒకటి, అది పీకేశారు.

"కడుపేటి కాదు బాబూ.
మన టేసనుకి శ్రీకాకుళం రోడ్డని బోర్డు.
దిగితే ఆమదాలవలస.
ఇదీ అంతే.
పేరు పొట్టది, ఊరు సిగురుది."

ఇప్పుడు తలమీద చిమ్మే నీళ్ళసీసా పక్కన
తాగే సీసా ఇంకొకటి.
అద్దం పక్క మేకుకి, దువ్వెనల సరసన,
రాగి నాలుకబద్ద.
కుర్చీలో తువ్వాలు వేసి స్టేషను వైపు నడిస్తే
అయిదు నిమిషాలు ఎవరూ లేవం.
అంత మాత్రం బాకీ ఉన్నాం.

ఆ రాత్రి నేను మణికట్టు నాకి
ఆరాక వాసన చూసుకున్నాను.
ఏమీ తెలియలేదు.
మా ఆవిణ్ణడిగాను.
"నిజం చెప్పమంటారా?" అంది.
లైటు ఆర్పేశాను.

నెల తిరిగాక గుంటడు మళ్ళీ వచ్చాడు.
అదే చెక్క, అదే గుడారం.
నీలాచలం కత్తెర పక్కన పెట్టి వంగి
వాడి మొహం మీదకి "హా..." అని ఊదాడు.
"ఇప్పుడేట్రా?"
బెంచీ మీద పేపర్లన్నీ కిందికి దిగాయి.
వాడు ముక్కు ముడిచి
తీసివేత లెక్క చేస్తున్నట్టు చాలాసేపు ఆలోచించి
"కొంచెం" అన్నాడు.

"కొంచెవేనా!" అని నీలాచలం
సీసా ఎత్తి గడగడా తాగాడు.