శ్రుతి తగ్గితే

ఫిబ్రవరి. సారేమా దీవి చుట్టూ సముద్రం గడ్డకట్టింది.
ఒడ్డున పడవలు బోర్లా పడుకున్నాయి.
చర్చిలో ఎవరి ఊపిరి వాళ్ళకు కనిపించేంత చలి.
నిచ్చెన వేసుకుని ఆర్గన్ పొట్టలోకి దూరాడు విల్లెమ్,
డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళకు ఉన్ని పట్టీలు.
నా పని ఒక్కటే: మెట్టు నొక్కి పట్టుకోవడం.
లోపల్నుంచి "ఊఁ" అంటే తర్వాతది.

ఈ మెట్ల మీదే పదకొండేళ్ళు వాయించాను.
తాలిన్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకసారి
నా చేతులు పట్టుకుని మెచ్చుకుంటే
రెండు రోజులు ఆ చేతులు కడగబుద్ధి కాలేదు.
కురెస్సారే ఆర్గనిస్టు వేళ్ళను తలుచుకుని
నా వేళ్ళను కొలుచుకున్న రాత్రులూ ఉన్నాయి.
మొన్న క్రిస్మస్‌కి, మూడో కీర్తనలో, వేలు జారింది.

పాస్టర్ ఊర్మస్‌కి ఉత్తరం రాశాను:
నేనెందుకూ పనికిరాను, ధూళిని, నన్ను వదిలేయండి.
నాలుగుసార్లు తిరగరాశాను
అక్షరాలు గుండ్రంగా రావాలని.

అప్పట్నుంచి ఆదివారం పాట ఎత్తుకునేది హిల్యా తాల్విక్.
పాపం, ఎప్పుడూ పైకే ఎత్తుకుంటుంది.
రెండో చరణానికల్లా ముసలి గొంతులు ఒక్కొక్కటే
మంచులో కాలు దిగబడ్డట్టు ఆగిపోతాయి.
వెనక బెంచీలో తల వంచుకుని
నా వినయాన్ని నేను వింటూ కూర్చుంటాను.

"తగ్గింది," అన్నాడు విల్లెమ్ లోపల్నుంచి.
రెండు స్వరాల మధ్య ఒక వణుకు,
జ్వరమొచ్చిన వాడి నాడిలాగ.
"తగ్గితే మంచిదేగా," అన్నాను నవ్వుతూ,
"తగ్గి ఉండమనేగా చిన్నప్పట్నుంచీ నేర్పారు."
టక్, టక్, సుత్తి చప్పుడు.
"ఎక్కినా తప్పే, తగ్గినా తప్పే. ఇంకోసారి నొక్కు."

వణుకు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది.
ఆగింది.
ఆ నిలకడలో రెండు గొట్టాలున్నాయని తెలియలేదు.

శ్రుతి మించితే రాగాన పడిందని పదిమందీ అంటారు.
శ్రుతి తగ్గితే ఏమంటారో ఎవరూ చెప్పలేదు.
భక్తి అంటారనుకున్నాను.

ముందు ఒక వరుసను సరిచేశాడు, పొద్దున్నే, ఓపిగ్గా.
ఆ తర్వాత ఏ గొట్టాన్నీ దాని పక్కదానితో పోల్చలేదు.
రెండు నిలువుల దేవదారు గొట్టమైనా, చిటికెన వేలంతదైనా
ఆ ఒక్క వరుస దగ్గరికే తెచ్చి కలిపాడు.

ఒకటి మూగబోయింది. బయటికి తీసి నాకందించాడు.
పెన్సిలంత కూడా లేదు. నోట్లో ఎండిపోయిన తేనెటీగ.
సూదితో తీసి ఊదాను.
"అరచేత్తో పట్టుకోకు. వేడికి స్వరం పొంగుతుంది."
పొంగితే ఏం చేస్తావన్నాను.
"ఏం చెయ్యను. చల్లారేదాకా దాని మానాన వదిలేస్తాను."
కింద తిత్తి నిట్టూర్చింది.
గాలి ఈ గొట్టానిది కాదు, ఎన్నడూ కాదు.
కానీ ఇది లేనన్నాళ్ళూ
ఆ స్వరం దగ్గర పాటకు కన్నం పడే ఉంది.

చీకటి పడ్డాక సంచి సర్దుకుంటూ
"ఏదైనా వాయించు, అన్నీ కలిపి వినాలి," అన్నాడు.
వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. మూడో కీర్తన అందుకున్నాను.
జారిన చోటే మళ్ళీ జారింది.
ఆగలేదు. పాట నా కోసం ఆగేది కాదు.
చివరి స్వరం కప్పులోకి వెళ్ళి చాలాసేపు ఉంది.
విల్లెమ్ ఎటో చూస్తూ తలాడించాడు:
"తగరం మంచిది. పాతకాలపు తగరం."
నా గురించి ఒక్క మాట లేదు.
ఎంత హాయిగా ఉందో ఆ మాట లేకపోవడం.

ఇంటికెళ్ళి పాస్టర్‌కి చీటీ రాశాను.
ఆదివారం వస్తాను, పాటల అంకెలు పంపండి.
ఒక అక్షరం వంకరపోయింది.
తిరగరాయలేదు.